వేవిళ్ళ మట్టి

నాలుగు పేజీల సూచనలు రాసిచ్చాను. ఎండ తగలనివ్వొద్దు, పాలతో కలిపి తినొద్దు, తడిచేత్తో డబ్బా ముట్టుకోవద్దు, చిన్నపిల్లలకి అందనివ్వొద్దు, రోజుకి రెండు బిళ్ళలు, అన్నం తిన్న గంటకి. అక్షరాలు ఇంకా పెద్దవిగా ఉండాలని ప్రింటింగు ప్రెస్సు వాడితో తగువు కూడా పెట్టుకున్నాను. నిప్పుల్లో పెట్టొద్దని మాత్రం రాయలేదు. కుమ్మరింటికి మట్టి పంపించి, దాన్ని కాల్చొద్దని చెప్పడం మర్చిపోయిన మేధావిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా పేరు ఎస్తేరు. గుంటూరులో ఒక పరిశోధనశాలలో సూక్ష్మజీవులతో పనిచేస్తాను. పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది గానీ నాకు సూది వెయ్యడం రాదు. జ్వరమొస్తే ఏ మాత్ర వేసుకోవాలో నేనే మందుల షాపులో అడుగుతాను. ఈ సంగతి నల్లగుట్టపాడులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో నేను డాట్రమ్మనే.

నల్లగుట్టపాడు పల్నాడులో ఒక మూలనున్న ఊరు. ఊరి వెనక సీసం గని ఉండేది. ముప్పై ఏళ్ళ కిందట దాన్ని మూసేశారు. తవ్వినవాళ్ళు వెళ్ళిపోయారు, ఖనిజం తీసుకున్నాక మిగిలిన రాతిపిండి మాత్రం దిబ్బగా ఉండిపోయింది. తెల్లదిబ్బ అంటారు. గాలొస్తే దాని పొడి అన్నం కంచాల్లోకి వస్తుంది, వానొస్తే వాగులోకి దిగుతుంది. తాగే నీళ్ళు ఇప్పుడు బయటి నుంచి పైపులో తెస్తున్నారు, సంతోషమే. కానీ చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళు తాగి పెరిగిన ఆడపిల్లల ఎముకల్లో సీసం ఎప్పుడో చేరిపోయింది. కడుపు పండినప్పుడు బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకలు కొంచెం కొంచెం కరుగుతాయి. సున్నంతో పాటు సీసమూ బిడ్డకి వెళుతుంది. తల్లి ఏ తప్పూ చెయ్యకుండానే, బిడ్డకి తనలో ఉన్నది ఇచ్చుకుంటుంది అంతే. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పాత గని నోట్లోంచి కారే నీళ్ళలో పాచి కూడా పట్టదు. అక్కడి బురదలో ఒక సూక్ష్మజీవి బతుకుతుండగా నేను చూశాను. అది సీసాన్ని పట్టుకుని తన లోపల గట్టిగా బిగించేసుకుంటుంది, ఇక వదలదు. దీన్ని మనిషి పేగుల్లోకి పంపగలిగితే, రక్తంలోంచి పైత్యరసంతో దిగే సీసాన్ని అక్కడ కాపు కాసి పట్టుకుంటుంది, మర్నాడు దానితో సహా బయటికి పోతుంది. మామూలు మందులు కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వాలంటే డాక్టర్లు భయపడతారు కాబట్టి ఇది మాకు దేవుడిచ్చిన వరంలా కనిపించింది. అయితే క్యాప్సూల్ గొట్టాల్లో పెడితే కడుపులోని పులుపుకే చచ్చిపోయేది. ఆరు రకాలుగా ప్రయత్నించి ఓడిపోయాక, మెత్తటి బంకమట్టిలో కలిపి చూస్తే శుభ్రంగా బతికింది. మట్టిలో పుట్టిన ప్రాణి మరి.

మట్టి ఎవరు తింటారని మా డైరెక్టర్ నరహరి గారు నవ్వారు. ఆయనకి తెలీదు. నా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ అలికిన గోడ మీద నీళ్ళు చల్లుకుని వాసన చూస్తూ కూర్చోవడం నేను చూశాను. వేవిళ్ళలో ఆడవాళ్ళు పుట్టమన్ను, బలపం, కుండపెంకు తింటారు. తిడితే చాటుగా తింటారు. ఎలాగూ తినేదేదో మేలు చేసే మట్టే తినమందామని నేను వాదించాను. ఆయన నవ్వడం మానేసి సంతకం పెట్టారు.

ఊళ్ళో కడుపుతో ఉన్న ఆరుగురు ఒప్పుకున్నారు. వాళ్ళలో సుభాషిణి కుమ్మరివాడ కోడలు, రెండో కాన్పు, మూడో నెల. భర్త గురవయ్య సారె మీద కుండలు చేస్తాడు. అత్త అంకమ్మ మట్టి తొక్కుతుంది, కుండలు కాల్చే ఆవం పేరుస్తుంది, మంట చూసుకుంటుంది. పెద్దపిల్ల పల్లవికి ఆరేళ్ళు. ఆరేళ్ళొచ్చినా రెండు మాటలు కలిపి మాట్లాడలేదు. అంగన్‌వాడీలో రెండేళ్ళుగా మొదటి అక్షరం దగ్గరే ఉంది. ఎవరొచ్చినా మాత్రం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళుతుంది. నేను ఎన్నిసార్లు వెళ్ళినా, ముందు ఆ చిన్న చేతిలో నా వేలు ఇచ్చాకే ఆ ఇంట్లో అడుగు పెట్టాను.

మొదటి డబ్బా ఇచ్చిన రోజే అంకమ్మ నన్ను ఆవం చాటుకి పిలిచింది. పిడకలు సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"తెల్లదిబ్బ కింద మడుగులో ఒండ్రు ఉంటది డాట్రమ్మా. వెన్నలాగుంటది, ఒక్క రాయి తగల్దు. దాంతో చేసిన పెంకులో గూడా ఆ సీసం ఉంటదా?"

ఉంటుందన్నాను. ఎక్కడికన్నా అందులోనే ఎక్కువన్నాను.

"పల్లవి కడుపున ఉన్నప్పుడు మా కోడలికి నేను తెచ్చిపెట్టింది అదే."

కాదులే, ఇంకేదైనా కారణం ఉండొచ్చులే అనే మాట ఎవరైనా అనేస్తారు. నాకు అబద్ధాలు చేతకావు, అయ్యుండొచ్చు అని చెప్పేశాను. ఆ రోజు చెప్పినందుకు ఇప్పటికీ బాధపడతాను, చెప్పకపోయినా బాధపడేదాన్ని. అంకమ్మ ఏడవలేదు. ఈ సంగతి సుభాషిణికి నేను చెప్పొద్దనీ, సమయం చూసి తనే చెప్పుకుంటాననీ, ఈసారి డబ్బా బాధ్యత మొత్తం తనదేననీ అంది. నాకంటే నమ్మకమైన మనిషి దొరికిందని సంబరపడి బస్సెక్కాను.

నెలనెలా ఆరుగురి దగ్గరా రక్తం తీసి గుంటూరు తెచ్చుకునేవాళ్ళం. ఐదుగురిలో సీసం మెట్టు మెట్టుగా దిగింది. ఐదు దాటితేనే ప్రమాదం. సుభాషిణిది మొదట పద్నాలుగు ఉండేది, పదిహేడయింది, ఐదో నెల దాటేసరికి ఇరవై రెండయింది. నరహరి గారు కాగితం చూసి, ఆ అమ్మాయి తినడం లేదు, పేరు కొట్టేయండి అన్నారు. తినడం లేదనే నేనూ అనుకున్నాను. పేరు కొట్టేయడానికి మాత్రం చెయ్యి రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు పొద్దున్నే నల్లగుట్టపాడు వెళ్ళాను.

పల్లవి వచ్చి వేలు పట్టుకుంది. లోపల సుభాషిణి బియ్యం ఏరుతోంది. నేను మర్యాద లేకుండానే అడిగాను. రోజూ తింటున్నానని ఆమె, తింటే ఇలా ఎందుకుంటుందని నేను. మాటా మాటా పెరిగి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకమ్మ పరుగున వచ్చింది.

"తినకపోటం ఏంది డాట్రమ్మా. నా చేత్తో పెడుతున్నా గదా. రా, చూపిస్తా."

వంటింట్లో పొయ్యి పక్కన చిన్న మట్టి మూకుడు. మూత తీసింది. అందులో నా బిళ్ళలు ఉన్నాయి, కానీ బూడిదరంగులో కాదు, ఎర్రగా. తొలకరి వాన వాసన గుప్పుమంది. పోయిన నెల వచ్చినప్పుడు అలాంటిదే ఒక ముక్క నా చేతిలోనూ పెట్టిందావిడ. కోడలికి నోరూరడానికి మంచి మట్టితో కాల్చిన మామూలు పెంకు అనుకుని నేను నోట్లో వేసుకున్నాను, బావుందని మెచ్చుకున్నాను కూడా. నా సూక్ష్మజీవుల శవాల్ని నేనే కరకరా నమిలి, బావుందన్నాను.

అంకమ్మ ఎంతో ఇష్టంగా చెప్పుకొచ్చింది. మేం పంపిన మట్టికి వాసనా లేదు, రుచీ లేదు, మొదటి రెండు రోజులూ సుభాషిణి వాంతి చేసుకుంది. అందుకని వరి ఊకలో పెట్టి, మంట రేగకుండా సన్నని సెగ మీద పూటంతా కాల్చింది. చిట్లకుండా, మాడకుండా. అప్పట్నుంచీ కోడలు ఒక్క బిళ్ళ కూడా వదల్లేదు. మట్టికి మంచి వాసన రావాలంటే కాల్చాలని ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పాలు తోడు పెట్టేటప్పుడు మరుగుతున్న పాలలో పెరుగు వేస్తావా అని అడిగాను.

"ఎట్టా వేస్తా? తోడుకోదు గదా."

"ఈ మట్టిలోనూ అలాంటివే ఉన్నాయి అంకమ్మా. ప్రాణంతో ఉండాలి."

ఆవిడకి అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది. మూకుడు కింద పెట్టింది. నా నాలుగు పేజీలూ చెప్పలేకపోయినది ఒక్క పెరుగు మాటతో అర్థమైంది.

"ఈ మాట ముందే జెప్పొచ్చు గదమ్మా," అంది నెమ్మదిగా. అందులో నిష్ఠూరం కూడా లేదు, అందుకే ఎక్కువ తగిలింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుని, "రెండుసార్లు," అంది. "రెండుసార్లూ నా చేత్తోనే."

సుభాషిణి గుమ్మంలో నిలబడి ఉందని అప్పుడు చూశాను.

"రెండుసార్లు ఏంది అత్తా?"

అంకమ్మ దాచలేదు. మడుగు ఒండ్రు సంగతి, ఆ పెంకుల సంగతి, పల్లవి సంగతి, ఒక్కొక్కటీ చెప్పింది. సుభాషిణి అంతా విని, పల్లవిని దగ్గరకి తీసుకుని, దాని తల మీద చెయ్యి వేసింది. పిల్ల చెయ్యి పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ రోజు నుంచి సుభాషిణి తన అన్నం తనే వండుకుంది. అత్త ముట్టుకున్న చెంబు కూడా ముట్టుకోలేదు, అత్తా అని పిలవడం మానేసింది. గురవయ్య ఇద్దరి మధ్యా తిరుగుతూ, ఎవరితోనూ ఏమీ అనలేక, కుండల బండి కట్టుకుని సంతల వెంట పోయాడు. నేను కొత్త డబ్బా తెచ్చిచ్చాను. పచ్చి బిళ్ళ నోట్లో పెట్టుకోవడం, కక్కుకోవడం. నీళ్ళలో కలుపుకుంది, బెల్లంతో చుట్టుకుంది, ముక్కు మూసుకుని మింగింది. ఏదీ కడుపులో నిలవలేదు. ఆరో నెల వచ్చింది. బిడ్డ ఎముకలు గట్టిపడే కాలం ఇదేనని నాకు తెలుసు, నేను చెప్పాను కాబట్టి ఆమెకీ తెలుసు. నాలుగో రోజు ఫోన్ చేసి, నావల్ల కావడం లేదు డాట్రమ్మా, మీరేదో ఒకటి చెయ్యండి అని ఏడ్చింది.

నేను ల్యాబులో చెయ్యగలిగినవన్నీ చేశాను. తడి మట్టి వాసనకి రసాయనాలతో చేసిన అత్తరు తెప్పించాను. రెండు చుక్కలకే సూక్ష్మజీవులన్నీ చచ్చి ఊరుకున్నాయి. ఏలకుల వాసన వేస్తే అవి బతికాయి, సుభాషిణి వాంతి చేసుకుంది. ఆమెకి కావలసింది ఏలకులు కాదు, మట్టి.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర కాపలా మనిషి ఫోన్ చేసి, ఎవరో పెద్దావిడ, కుండ తెచ్చింది, లోపలికి పంపమంటారా అని అడిగాడు. అంకమ్మ రెండు బస్సులు మారి వచ్చింది. చంకలో పాతచీర చుట్టిన కొత్త కుండ. ఊరు దాటి అంత దూరం రావడం అదే మొదలట. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేల మీద కూర్చుని, కాసిని నీళ్ళు, కొన్ని పచ్చి బిళ్ళలు ఇవ్వమంది.

కొత్తగా కాల్చిన కుండలో మొదటిసారి నీళ్ళు పోస్తే వాసన వస్తుంది కదా, ఆ వాసన మట్టిదే. కుండని వేడి చేసి, లోపల నీళ్ళు చిలకరించి, ఆవిరి లేవగానే మూత పెట్టి, వేడి తగ్గనిచ్చి, అప్పుడు పచ్చి బిళ్ళలు లోపల పేర్చి పూటసేపు ఉంచితే, కాల్చకుండానే కాల్చిన వాసన పడుతుంది. ఇది ఆవిడ ఆలోచన. మా ల్యాబులో పెద్ద చదువులు చదివినవాళ్ళం పదిమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. వేడి ఎంత తగ్గాలో కొలవడానికి నేను థర్మామీటరు తీస్తుంటే, అంకమ్మ కుండలోకి చెయ్యి పెట్టి, ఇంకా కాదు, ఇంకా కాదు అంటూ వచ్చి, ఇప్పుడు తోడు పెట్టొచ్చు అంది. సాయంత్రానికి మైక్రోస్కోపు కింద చూశాను. నా జీవులన్నీ కదులుతున్నాయి. ఆవిడని కూడా చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"ఇన్ని ఉన్నయ్యే," అంది. "వీటినా నేను కాల్చింది."

ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను.

కుండని తను తీసుకెళ్ళనంది. తన చేత్తో ఇస్తే కోడలు ముట్టదనీ, ల్యాబులో చేశామని చెప్పి నన్నే ఇవ్వమనీ అడిగింది. తీసుకెళ్ళాను. అబద్ధం చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే సుభాషిణి మూత తీసి వాసన చూసింది.

"ఇది ఎవరు చేశారో నాకు తెలుసులెండి," అంది. బిళ్ళ నోట్లో పెట్టుకుని నమిలింది. నేను గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాను. వాంతి కాలేదు. రెండోది కూడా తింది. "బిడ్డ కోసం తింటన్నా," అంది. అంకమ్మ ఆ మాట వినాలనే కొంచెం గట్టిగా అంది.

తర్వాత మూడు నెలలూ అంకమ్మ రోజూ పొద్దున కుండ వెచ్చబెట్టి, బిళ్ళలు పేర్చి, కోడలి గది గడప దగ్గర పెట్టి వెళ్ళేది. సుభాషిణి వచ్చి తీసుకునేది. మాటల్లేవు. ఇరవై రెండు పంతొమ్మిదయింది, పదమూడయింది, తొమ్మిదయింది. నరహరి గారు ప్రతి కాగితం దగ్గరా ఆగి కళ్ళజోడు తుడుచుకునేవారు. నెలలు నిండాక పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు రక్తం సీసాలో పెట్టి నేనే స్వయంగా ల్యాబుకి తెచ్చుకున్నాను. యంత్రం మీద రెండు అని వచ్చింది. నమ్మకం కుదరక మళ్ళీ పెట్టాను. మళ్ళీ రెండే. ల్యాబు కోటుతో ముఖం కప్పుకుని హాయిగా ఏడ్చాను.

ముందు సుభాషిణికి చెప్పి, తర్వాత అంకమ్మకి ఫోన్ చేశాను. విని ఆవిడ, ఈ మట్టి పల్లవికి పెడితే పనిచేస్తదా అని అడిగింది. రక్తంలో ఉన్నది పోతుంది, మంచిదే, తప్పకుండా పెడదాం అన్నాను. కానీ పోయిన తెలివి తిరిగి రాదని కూడా చెప్పాల్సి వచ్చింది. సరేనమ్మా అని ఫోన్ పెట్టేసింది. 

మా ప్రాంతంలో పసిబిడ్డకి నీళ్ళు పొయ్యడం నాయనమ్మ పని. కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి పోస్తారు. సుభాషిణి పుట్టింటి నుంచి వాళ్ళమ్మని పిలిపించుకుంది. నెలన్నర పాటు వాళ్ళమ్మే పోసింది. అంకమ్మ నీళ్ళు కాచి ఇచ్చేది, దూరంగా నిలబడి చూసేది. బిడ్డని ఒక్కసారైనా ఎత్తుకోలేదు. ఎత్తుకోమని ఎవరూ అనలేదు.

బిడ్డకి రెండో నెలలో అంగన్‌వాడీలో మీటింగు పెట్టాం. చుట్టుపక్కల మూడూళ్ళ నుంచి కడుపుతో ఉన్నవాళ్ళు పదకొండుమంది, వాళ్ళ అత్తలూ అమ్మలూ వచ్చారు. బిళ్ళలకి వాసన పట్టించడం అంకమ్మ చేసి చూపించాలి. నేను రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నాను. సుభాషిణి బిడ్డతో వెనక వరసలో ఉంది, పల్లవి పక్కన కూర్చుని చెల్లెలి కాలివేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుంటోంది.

అంకమ్మ మట్టి కలుపుతున్నది కలుపుతున్నట్టే వచ్చి కుండ ముందు కూర్చుంది. నీళ్ళు చిలకరించి, మట్టి చేతులతోనే మూత పెట్టి, తలెత్తింది.

"ముందు ఒక మాట జెప్పాలి," అంది. "తెల్లదిబ్బ మడుగులో మట్టి మీరెవరూ తినబాకండి, మీ కోడళ్ళకి పెట్టబాకండి. నేను పెట్టా. అదిగో, నా పెద్ద మనవరాలు. దానికి మాట రాకపోటం నా వల్లే. తర్వాత ఈ మంచి మట్టి ఇస్తే, అది గూడా కాల్చి పాడు జేశా. మీరట్టా చెయ్యబాకండి."

అందరూ వెనక్కి తిరిగి పల్లవిని చూశారు. పల్లవి నవ్వింది. సుభాషిణి లేచి నిలబడింది.

"ఆమె పెట్టలా," అంది.

అంకమ్మ చెయ్యి మూత మీదే ఆగిపోయింది.

"నేనడిగా. అన్నం సయించక పడుంటే, ఏం దినాలనుందే అని అడిగింది. ఆ మడుగు మట్టి పెంకు గావాలన్నా. రోళ్ళు పగిలే ఎండలో పోయి తెచ్చింది. మళ్ళీ మళ్ళీ నేనే పంపించా. ఈ ఆరు నెలలూ ఆ మాట నా నోటి దాకా వొస్తానే ఉంది. తప్పంతా ఆమె మీద ఉంటే నేను నిద్రపోవచ్చు గదా అని మింగేశా." నా వైపు తిరిగింది. "నేను తల్లిని గదా డాట్రమ్మా. నా నోటితో నేనడిగానని ఎట్టా జెప్పుకుంటా?"

నేనేదో అనబోయాను. ఇద్దరిదీ తప్పు కాదనీ, దిబ్బని అలా వదిలేసి పోయినవాళ్ళదనీ చెప్పాలనుకున్నాను. నేను అనేలోపే అంకమ్మ అంది, "పిల్లదానివి, నువ్వడిగితే మాత్రం నేను తేవాలా?" సుభాషిణి, "అడక్కపోతే తెచ్చేదానివా?" అంది. అత్తాకోడళ్ళు తప్పు నాదంటే నాదని వాదించుకోవడం నేనైతే ఎక్కడా చూడలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ చూసినట్టు లేరు. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు.

సుభాషిణి ఆడవాళ్ళని దాటుకుంటూ ముందుకొచ్చింది. బిడ్డని అత్త ముందుకి చాపింది.

"అమ్మ రేపు ఊరికి పోతంది. రేపట్నుంచి దీనికి నీళ్ళు నువ్వే పొయ్యాలత్తా. తీసుకో."

అంకమ్మ చేతులు ముందుకి వచ్చాయి, మధ్యలో ఆగాయి. మోచేతుల దాకా మట్టి ఉంది. ఉండమ్మా అని లేచి, బయట కుళాయి దగ్గరికి వెళ్ళింది. సబ్బు అడిగి తీసుకుంది. మేమందరం ఎదురు చూస్తూ కూర్చున్నాం. ఆవిడ చాలాసేపు కడుక్కుంది.